బడ్డీ బేకర్‌కి విలన్ ఎవరు?

ఈ గొడవ మొదలుపెట్టింది అన్న.

"ప్రతి హీరోకి ఒక విలన్ ఉంటడు. బ్యాట్‌మన్ అనంగనే జోకర్ యాదికొస్తడు. సూపర్‌మన్ అంటే లెక్స్ లూథర్. మరి మనోడికి ఎవరు?"

మనోడంటే యానిమల్ మ్యాన్. అన్న అంటే సొంత అన్న కాదు, ఒకప్పుడు ఆఫీసులో నా సీనియర్. ఎవరి ఉద్యోగాలు వాళ్ళం మారిపోయాం గానీ, ఆదివారం పొద్దున్నే ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల దగ్గర కలవడం మాత్రం మానలేదు. మాకు మూడో మనిషి ఒకమ్మాయి. ఇంగ్లీషు ఎమ్మే చదువుతోంది. ఆ ఫుట్‌పాత్ మీదే ఒకరోజు ఇద్దరం ఒకే పుస్తకం మీద చెయ్యేశాం. యానిమల్ మ్యాన్ మొదటి సంపుటి అది. వెన్ను విరిగి, అట్ట మీద ఎవరో టీ గ్లాసు పెట్టిన గుండ్రటి మచ్చతో ఉంది. రేటు 150 అన్నాడు. "మీరు కొనుక్కోండి, చదివాక నాకివ్వండి" అంది. ఇచ్చాను. అలా ముగ్గురమయ్యాం. ఈ ఊళ్ళో నాలుగోవాడు ఎవడైనా ఉంటే ఉండొచ్చు, మాకైతే ఇంతవరకూ తగల్లేదు.

పుస్తకాలు కొన్నా కొనకపోయినా చివరికి ఇరానీ హోటల్లో కూర్చుంటాం. మూడు చాయ్, ఒక ప్లేటు ఉస్మానియా బిస్కెట్లు. ఆ రోజు ఆ టేబుల్ దగ్గరే అన్న ఈ ప్రశ్న వేశాడు. సరదాకి వేసిందే. నాకు మాత్రం వారం రోజుల నుంచీ గొంతులో ఇరుక్కుని ఉన్న ముల్లు ఒకటి అతనికి తెలీదు కదా.

*

తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు.

బడ్డీ బేకర్ మొదటిసారి కనిపించింది 1965లో, డీసీ వాళ్ళ 'స్ట్రేంజ్ అడ్వెంచర్స్' 180వ సంచికలో. కథ డేవ్ వుడ్, బొమ్మలు కార్మైన్ ఇన్‌ఫాంటినో. వేటకి అడవికెళ్ళిన ఒక మామూలు కుర్రాడి దగ్గర్లో గ్రహాంతరవాసుల నౌక ఒకటి పేలుతుంది. అప్పట్నుంచీ చుట్టుపక్కల ఏ జంతువుంటే దాని శక్తి ఇతనికొస్తుంది. పక్షి ఉంటే ఎగురుతాడు. ఏనుగుంటే ఏనుగంత బలం. మొదటి కథలో ఒంటి మీద సూపర్‌హీరో డ్రెస్సు కూడా లేదు. కుట్టించుకోడానికి మరో పది సంచికలు పట్టింది. మొత్తం ఐదు కథలు రాసి 1967లో వదిలేశారు.

ఆ తర్వాత పదమూడేళ్ళు అయిపూ అజా లేడు. 1980లో వండర్ ఉమన్ పుస్తకంలోకి చుట్టపుచూపుగా వచ్చి వెళ్ళాడు. 80ల మధ్యలో, ఇలా ఎవరికీ పట్టని వాళ్ళందర్నీ ఒకచోట చేర్చి ఒక బృందం కట్టారు. దాని పేరు 'ఫర్‌గాటెన్ హీరోస్'. మర్చిపోయిన వీరులు! ఆ బృందాన్ని కూడా జనం మర్చిపోయారు.

1988లో స్కాట్లాండ్ నుంచి వచ్చిన గ్రాంట్ మోరిసన్ చేతికి ఇతను దక్కాడు. డీసీ అప్పుడు బ్రిటన్ రచయితల కోసం వెతుకుతోంది. ఎవరూ పట్టించుకోని పాత్రలైతే కొత్తవాళ్ళు ఏం చేసినా ఎవరూ అడగరు. నాలుగు సంచికలతో సరిపెడదామనుకున్నది 26 సంచికలు నడిచింది, 1990 దాకా. లోపల బొమ్మలు ఎక్కువభాగం చాజ్ ట్రూగ్ వేశాడు. అట్టలు బ్రయన్ బోలండ్. మేం ముగ్గురం వాదించుకునేది ఈ 26 గురించే.

ఇందులో బడ్డీ సాన్ డియాగో శివార్లలో అద్దె కట్టుకునేవాళ్ళలాంటి మనిషి. స్టంట్లు చేసి బతికినవాడు, ఇప్పుడు పెద్దగా పనిలేదు. భార్య ఎలెన్ బొమ్మలు గీసి సంపాదిస్తే ఇల్లు గడుస్తుంది. కొడుకు క్లిఫ్, కూతురు మాక్సీన్. బిగుతు డ్రెస్సులో జేబులుండవు కాబట్టి పైన ఓ జాకెట్ తొడుక్కుంటాడు. ఆ జాకెట్ చూసే నాకతను నచ్చాడు. ఇంటి తాళాలు ఎక్కడ పెట్టుకోవాలా అని ఆలోచించే సూపర్‌హీరోని అంతకుముందు నేను చూళ్ళేదు.

జంతువుల శక్తి తీసుకునేవాడికి జంతువుల మీద జాలి కలక్కుండా ఎలా ఉంటుంది? ల్యాబుల్లో కోతుల్ని ఏం చేస్తున్నారో చూశాక మాంసం మానేస్తాడు. తను మానేస్తే బానే ఉండేది, ఫ్రిజ్‌లో ఉన్నదంతా తీసి పారేస్తాడు. ఎలెన్ ఊరుకోదు. పిల్లలకేం పెట్టాలి, నన్నొక మాట అడగక్కర్లేదా అని గొడవ.

"మా ఇంట్ల మటన్ పారేసిన్ననుకో, ఇగ విలన్ని నేనే" అన్నాడు అన్న.

*

సరే, విలన్ ఎవరు?

అన్న ఓటు మిర్రర్ మాస్టర్‌కి. అద్దాల్లోంచి వచ్చి అద్దాల్లోకి పోయే కిరాయి మనిషి. నిజానికి ఆ పేరు ఫ్లాష్ అనే ఇంకో హీరో శత్రువుది. పాత మిర్రర్ మాస్టర్ చచ్చిపోతే, అతని డ్రెస్సూ తుపాకులూ ఇచ్చి స్కాట్లాండ్ కుర్రాడొకణ్ణి మోరిసన్ 8వ సంచికలో దింపారు. బడ్డీని భయపెట్టమని కొందరు పెద్దమనుషులు డబ్బిస్తే ఇంట్లోకి చొరబడతాడు. బడ్డీని ఆటాడించేస్తాడు. ఎలెన్ వచ్చి తన్నకూడని చోట ఒక్క తన్ను తంతుంది. అంతే, కథ ముగిసింది.

"గాడు విలనేందన్నా? ఆడమనిషి తంతె పారిపోయిండు" అని నేను అన్న యాసలోనే వెక్కిరించాను.

"ఆగు, పూర్తిగ విను. తర్వాత గదే మనుషులు పెండ్లాన్ని, పిల్లల్ని చంపమని పైసలిస్తమంటే వద్దన్నడు. నాతోని కాదన్నడు. పైనుంచి ఎవరు చేయించిన్రో బడ్డీకి చెప్పి సాయం చేసిండు. విలన్ అంటే గట్లుండాలె. వానికొక గీత ఉంది."

ఆ అమ్మాయి ఒప్పుకోలేదు. తన ఓటు రెడ్ మాస్క్‌కి. 7వ సంచికలో వచ్చే ముసలి విలన్. కుర్రతనంలో ఉల్క ముట్టుకుంటే శక్తి వచ్చింది. కోరుకున్నది ఎగరడం. వచ్చింది, ఎవర్ని ముట్టుకుంటే వాళ్ళు చచ్చిపోయే చెయ్యి. ఆ చేత్తో ఇంకేం చేస్తాడు? విలనయ్యాడు. ఇప్పుడు తోటి విలన్లందరూ పోయారు, ఒక్కడే మిగిలాడు. దుమ్ముపట్టిన పాత రోబోల్ని ఆఖరిసారి ఊరి మీదకి వదిలి మేడ మీద కూర్చుని ఉంటాడు. బడ్డీ అక్కడికెళ్తాడు. కొట్టుకోరు. మాట్లాడుకుంటారు. చివరికి ఆ ముసలాయన అంచు మీంచి గాల్లోకి అడుగేస్తాడు, ఎగరాలని.

"ఎగిరాడా?" అని నేను మొదటిసారి తనని అడిగినప్పుడు ఏం చెప్పలేదు. పుస్తకం నా వైపు తోసింది.

"బడ్డీకి దొరికేవాళ్ళందరూ ఇలాంటివాళ్ళే చూడు" అంది ఆ రోజు. "కాలాన్ని తిరగేసి పోయినవాళ్ళని మళ్ళీ తెస్తానంటాడే టైమ్ కమాండర్, వాడికి అసలు చెడ్డ ఉద్దేశం ఏముంది? చనిపోయిన భార్య మళ్ళీ ఎదురుగా నిలబడితే వద్దనేవాడెవడు? సైకో పైరేట్ ఉన్నాడు. చెరిపేసిన పాత లోకాలన్నీ గుర్తున్నవాడు వాడొక్కడే. గుర్తుంది కాబట్టి పిచ్చాసుపత్రిలో పెట్టారు. వీళ్ళని విలన్లంటే నాకు నోరు రాదు."

ఆలోచిస్తే ఇది చిన్న హీరోలందరి బాధే. పెద్ద హీరోలకి డెబ్భై, ఎనభై ఏళ్ళుగా కలిసి పెరిగిన శత్రువులుంటారు. వాళ్ళకి అభిమానులు, బొమ్మలు, సినిమాలు. ఐదు కథలు రాసి వదిలేసిన హీరోకి విలన్లు ఎక్కణ్ణుంచొస్తారు? ఊళ్ళో పెళ్ళికి పక్కింటి నుంచి కుర్చీలు తెచ్చుకున్నట్టు అరువు తెచ్చుకోవాలి. మిర్రర్ మాస్టర్ ఫ్లాష్ దగ్గర్నుంచి, టైమ్ కమాండర్ బ్యాట్‌మన్ కథల నుంచి. బడ్డీ ఇంట్లో సొంత విలన్ ఒక్కడూ లేడు.

"నువ్వేందిరా చప్పుడు చేస్తలేవు? నీ ఓటు ఎవరికి?" అన్నాడు అన్న.

నా దగ్గర జవాబుంది. చెప్పాలంటే పిన్ని సంగతి చెప్పాలి.

*

మా పిన్ని కొడుకు నాకంటే తొమ్మిదేళ్ళు చిన్న. వాడు పుట్టినప్పుడు తెనాలి ఆసుపత్రిలో వాణ్ణి ముందుగా ఎత్తుకున్నవాళ్ళలో నేనూ ఉన్నాను, కింద పడేస్తానని అందరూ చుట్టూ చేతులు పట్టుకుని నిలబడ్డారట. బెజవాడలో చదువుకుంటూ శనివారం శనివారం బండి మీద ఇంటికొచ్చేవాడు. ఒక శనివారం మంగళగిరి దాటాక లారీ ఏదో తగిలింది. రాత్రి తొమ్మిదిన్నర. హెల్మెట్ బండికే తగిలించి ఉంది. వాడికి ఇరవై రెండేళ్ళు.

రెండేళ్ళ తర్వాత నేను ఒక కథ రాశాను. బండి మీద ఇంటికొస్తున్న కుర్రాడు, గుమ్మంలో ఎదురుచూస్తున్న తల్లి, గిన్నె మీద మూత పెట్టిన కూర. ఊరి పేరు మార్చాను, బండి మార్చాను, తల్లికి ఇంకో కూతుర్ని ఇచ్చాను. చివర ఫోను మోగుతుంది. తల్లి ఎత్తే లోపల కథ ఆపేశాను. ఆ ముగింపు రాసిన రాత్రి ఏడ్చాను, అది నిజం. తెల్లారి లేచి ఆ ముగింపుని ఇంకా బిగించాను. అదీ నిజమే.

కథ బాగా పేరు తెచ్చుకుంది. మామూలుగా నా కథలకి వచ్చే స్పందన నాకు తెలుసు కాబట్టి దీన్ని బాగానే అంటాను. గుండె పిండేసింది అన్నారు. ఆ గిన్నె మీద మూత వదలట్లేదు అన్నారు. నేనెరగనివాళ్ళు ఫోన్లు చేశారు. ఎవరో వాట్సాప్‌లో అందరికీ పంపారు. అలా తిరిగి తిరిగి, ఆర్నెల్ల తర్వాత తెనాలి చేరింది.

పిన్ని ఫోన్ చేసింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"చదివాన్రా నాన్నా. బాగా రాశావు" అంది. కాసేపు ఏం మాట్లాడలేదు. వెనక కుక్కర్ కూత వినిపిస్తోంది. తర్వాత అడిగింది. "కథలో కూడా వాడికి హెల్మెట్ పెట్టలేదేంరా?"

నేను ఏదో అన్నాను. నిజంగా జరిగింది అదే కదా పిన్నీ, కథ నిజానికి దగ్గరగా ఉండాలి కదా, అలాంటివేవో.

"ఊరి పేరు మార్చావుగా. నాకు కూతుర్ని కూడా ఇచ్చావు. రాసేది నువ్వే కదా నాన్నా." తర్వాత, "సరేలే, అన్నం తిన్నావా?" అని పెట్టేసింది.

అన్న ప్రశ్న వేసిన ఆదివారానికి ఈ ఫోనొచ్చి వారం.

*

మోరిసన్ రాసిన 5వ సంచిక గురించి కాస్త చెప్పాలి. పేరు 'ది కొయొటీ గాస్పెల్'. కొయొటీ అంటే అమెరికా ఎడారుల్లో తిరిగే నక్కలాంటి జంతువు. టీవీలో మనందరం చూసిన కార్టూన్లలో కొండ మీంచి పడి, బాంబు పేలి, చదునై, మళ్ళీ లేచి పరిగెత్తే జంతువు ఉంటుంది కదా. అలాంటివాడే ఇక్కడ క్రాఫ్టీ. ఎప్పటికీ ఆగని ఈ కొట్లాట ఎందుకని వాడికి అనుమానం వస్తుంది. పైకెళ్ళి దేవుణ్ణి నిలదీస్తాడు. ఆ దేవుడు సింహాసనం మీద కుంచె పట్టుకుని కూర్చున్న బొమ్మలవాడు. సరే, నీ లోకంలో శాంతి ఇస్తాను, బదులుగా నువ్వు ఇంకో లోకంలో బాధపడాలి అంటాడు. అలా క్రాఫ్టీ రక్తమాంసాలున్న లోకంలో వచ్చి పడతాడు. ఇక్కడా చావు లేదు. నొప్పి మాత్రం ఉంది.

తన కష్టాలన్నిటికీ ఈ జంతువే కారణం, ఇదే సైతాను అని నమ్మిన లారీ డ్రైవరొకడు దీని వెంటపడతాడు. చివరికి వెండి తూటాతో చంపుతాడు. చనిపోయే ముందు క్రాఫ్టీ తన కథంతా రాసుకున్న కాగితపు చుట్టని బడ్డీ చేతికిస్తాడు. బడ్డీకి అది చదవడం రాదు. ఆఖరి బొమ్మలో క్రాఫ్టీ నాలుగు రోడ్ల కూడలి మధ్యలో చేతులు చాపుకుని పడి ఉంటాడు, కింద తెల్లగా నెత్తురు. పైనుంచి కుంచె పట్టుకున్న పెద్ద చెయ్యి ఒకటి వచ్చి ఆ నెత్తురికి ఎర్ర రంగు వేస్తుంటుంది.

ఆ చెయ్యిని నేను పదిసార్లు చూసుంటాను. ప్రతిసారీ, ఆహా ఎంత గొప్ప ఆలోచన అనుకున్నాను. పిన్ని ఫోన్ తర్వాత చూసినప్పుడు ఆ వేళ్ళు నావిలా అనిపించాయి. తెల్లారి లేచి ముగింపుని బిగించిన వేళ్ళు.

"నా ఓటు మోరిసన్‌కి" అన్నాను.

అన్న నవ్వాడు. ఆ అమ్మాయి నవ్వలేదు. నేను పిన్ని సంగతి చెప్పాను. చాయ్ చల్లారిపోయింది, అన్న ఇంకో మూడు చెప్పాడు.

*

పుస్తకం చదివినవాళ్ళకి నా ఓటు మరీ కొత్తగా ఉండదు. కథే అక్కడికి తీసుకెళ్తుంది.

19వ సంచికలో బడ్డీ ఎడారిలో ఒక భౌతికశాస్త్రవేత్తతో కలిసి పెయోటీ తింటాడు. ఆ మత్తులో వెనక్కి తిరిగి, పేజీలోంచి బయటికి, తిన్నగా మన మొహంలోకి చూస్తాడు. మనం కనపడుతున్నామని అరుస్తాడు. నేను పుస్తకం మూసేసిన పేజీ అది. ఆ మత్తు దిగి ఇంటికొచ్చేసరికి భార్య, పిల్లలు శవాలై ఉంటారు. బడ్డీ జంతువుల తరఫున మాట్లాడటం వల్ల నష్టపోయిన డబ్బున్నవాళ్ళు చేయించిన హత్యలు.

తర్వాత అందరు హీరోల్లాగే పగ తీర్చుకుంటాడు. పగతో ఏం తీరదు. టైమ్ మెషీన్ సంపాదించి గతంలోకెళ్తాడు. అక్కడ అతను దెయ్యం లాంటివాడు. ఎవరికీ కనపడడు, చెప్పింది వినపడదు. చాలా ముందొచ్చిన సంచికలో వాళ్ళింట్లో తిరిగిన నీడ ఒకటి ఉంటుంది, పిల్లలు భయపడతారు. అది ఎవరో మనకి ఇప్పుడర్థమవుతుంది. జాగ్రత్త అని చెప్పడానికొచ్చిన తండ్రే.

పిన్ని ఎన్ని రాత్రులు ఆ తొమ్మిదిన్నరకి వెళ్ళొచ్చిందో నాకు తెలీదు. బండికి తగిలించిన హెల్మెట్ తీసి వాడి చేతికివ్వడానికి. నేను ఆ ఇంట్లో ఉన్న పదకొండు రోజులూ పిన్ని మాట్లాడింది ఆ ఒక్క సంగతే. వాడు బయల్దేరుతూ ఫోన్ చేశాడు, నేను అప్పుడు చెప్పాల్సింది అని. కథ రాసేటప్పుడు ఆ మాట నాకు గుర్తే ఉంది. బాగా పనికొస్తుందనుకున్నాను. వాడుకున్నాను కూడా.

26వ సంచికలో బడ్డీ ఒక ఇంటి తలుపు తీసుకుని లోపలికెళ్తాడు. అక్కడ మోరిసన్ కూర్చుని ఉంటారు, సాక్షాత్తూ రచయిత. నిన్ను రాస్తున్నది నేనే అని చెప్తారు. నా వాళ్ళని ఎందుకు చంపావని బడ్డీ అడుగుతాడు. జవాబులో గొప్ప తత్వమేమీ లేదు. కథ రక్తి కట్టడానికి. చదివేవాళ్ళకి గట్టి దెబ్బ తగలాలి కదా. మాటల మధ్యలో పాఠకులకి విసుగొస్తుందేమోనని ఇద్దరు విలన్లని పుట్టించి బడ్డీ మీదకి తోలుతారు. వాళ్ళిద్దరూ అతన్ని చితకబాదుతుంటే ఈయన తాపీగా తన గోడు చెప్పుకుంటుంటారు. మోరిసన్ పెంచుకున్న పిల్లి జర్మారా జబ్బు చేసి చచ్చిపోయింది. ఆ దుఃఖం నిజమైనదే. దాన్నీ తెచ్చి ఈ కథలో పెట్టేశానని ఒప్పుకుంటారు.

బడ్డీ బతిమాలతాడు. నా వాళ్ళని తిరిగివ్వు, నీకది చిటికెలో పని. కుదరదంటారు రచయిత. అలా చేస్తే కథ వాస్తవంగా ఉండదు. హింస, చావు ఉంటేనే పెద్దవాళ్ళ కథ అని, అదే వాస్తవమని ఈ రోజుల్లో అందరూ అనుకుంటున్నాం కదా అని ఎత్తిపొడుపుగా అంటారు.

ఇది 1990లో అమెరికన్ కామిక్స్ గురించి అన్న మాట. మన కథల సంగతేంటి? నేను రాసేవాటిల్లో, ఇష్టంగా చదివేవాటిల్లో, ఆఖరి పేరాలో ఎంతమంది పోతారో ఒకసారి లెక్కపెట్టుకున్నాను. ఆటోడ్రైవర్లు, కౌలురైతులు, కోడళ్ళు, అవ్వలు. ఆఖరికి కుక్కలు. బతికి బట్టకట్టినవాళ్ళ కథైతే 'తేలిపోయింది' అంటాం. లోకంలో వీళ్ళు చావట్లేదని నేననను. వాళ్ళ చావుల్ని రాయొద్దనీ అనను, రాయకపోతే అదో అబద్ధం. చెప్పొచ్చేది నా సంగతే. నేను ఆ ముగింపుని ఎంచుకున్నప్పుడు నిజం కోసం ఎంచుకున్నానా, లేక గట్టిగా తగులుతుందని ఎంచుకున్నానా? ఊరి పేరు మార్చినప్పుడు అడ్డురాని వాస్తవం హెల్మెట్ దగ్గరే ఎందుకడ్డొచ్చింది?

*

"ఒక మాట చెప్పనా?" అంది ఆ అమ్మాయి. "మోరిసన్ని విలనంటే నేనొప్పుకోను."

"మళ్ళ షురూ" అన్నాడు అన్న.

"ఆఖర్న ఏమవుతుంది? కుదరదు కుదరదు అని, బడ్డీని ఇంటికి పంపించేస్తారు కదా. సోఫాలో మెలకువొస్తుంది. బెల్లు మోగుతుంది. తలుపు తీస్తే ఎలెన్, పిల్లలు. వాస్తవం పోతే పోయిందని ఇచ్చేశారు. తప్పు చేసి, ఒప్పుకుని, తిరిగిచ్చిన విలన్ ఎవరైనా ఉన్నారా?"

"ఏమిచ్చిన్రు?" అన్నాడు అన్న. "2011ల మళ్ళ కొత్తగ మొదలువెట్టిన్రు కదా, జెఫ్ లెమైర్ రాసింది. మంచిగనే రాసిండు, నేను కాదంటలేను. 2013ల ఏం చేసిండు? క్లిఫ్‌ని చంపేసిండు. గా పోరణ్ణి. ఒకలు తిరిగిస్తే ఇంకొకలొచ్చి తీస్కపోయిన్రు. గంతే ఉంటది."

నాకు ఆ విషయం తెలుసు. అయినా అన్న నోటి వెంట విన్నప్పుడు కడుపులో ఏదో అయింది. కాగితం మీద పిల్లవాడు, పాతికేళ్ళలో వయసు కూడా పెద్దగా పెరగని పిల్లవాడు.

"కానీ అన్నా," అంది ఆ అమ్మాయి, "26 తీసి చదివితే వాళ్ళు ఇప్పటికీ గుమ్మంలోనే ఉంటారు. ఎవరెన్ని చేసినా ఆ పేజీలో బెల్లు మోగుతూనే ఉంటుంది."

అన్న దానికి జవాబు చెప్పలేదు. బిల్లు కట్టడానికి లేచాడు. ఎప్పుడూ ఆయనే కడతాడు.

*

బడ్డీ ఇంటికెళ్ళాక ఆ సంచికలో ఇంకో చిన్న ముక్క ఉంది. చిన్నప్పుడు మోరిసన్‌కి ఊహలో ఒక నేస్తం ఉండేవాడట, పేరు ఫాక్సీ. దూరంగా కొండలో ఉండేవాడని నమ్మకం. కిటికీలోంచి టార్చిలైటు వేస్తే అవతలి నుంచి ఫాక్సీ కూడా లైటు వేస్తాడని. పెద్దయిన రచయిత ఇప్పుడు చీకట్లో బయటికొచ్చి, ఆ కొండ వైపు టార్చి వేస్తారు. ఏమీ రాదు. కాసేపు చూసి వెనక్కి తిరిగి వెళ్ళిపోతారు. ఖాళీ అయిన ఆ బొమ్మలో, ఆయన చూడకుండా, కొండ మీద ఒక లైటు వెలుగుతుంది.

చదివిన ప్రతిసారీ నాకు రచయిత మీద కోపం తగ్గేది ఇక్కడే. అంత పెద్ద కుంచె పట్టుకున్న మనిషీ చివరికి చీకట్లో టార్చి పట్టుకుని నిలబడే మనిషే.

ఆ రాత్రి నేను ఒక పేజీ రాశాను. కథ కాదు, పత్రికకి పంపేది కాదు. తమ్ముడు పదింటికి ఇంటికొస్తాడు. హెల్మెట్ తీసి ఫ్రిజ్ మీద పెడతాడు. అక్కడెందుకురా మురికిది, అని పిన్ని అరుస్తుంది. కూర చల్లారిపోయిందని వీడు గొణుగుతాడు. ఏం జరగదు. పేజీ అయిపోతుంది. కథగా చూస్తే తేలిపోయిన కథే.

దాన్ని నాలుగు రోజులు ఫోన్లో పెట్టుకుని తిరిగాను. పంపడానికి ధైర్యం చాల్లేదు. మానుతున్న పుండు మళ్ళీ కెలుకుతున్నానేమో? ఒకసారి చంపి పేరు తెచ్చుకున్నవాడు ఇప్పుడు బతికించి మంచివాడనిపించుకోవాలనుకుంటున్నాడేమో? ఈ అనుమానం నాకిప్పటికీ పూర్తిగా పోలేదు. ఐదో రోజు పిన్నికే ఫోన్ చేసి, ఇలా ఒకటి రాశాను, చదవనా, వద్దంటే వద్దు, అన్నాను.

చదవమంది. చదివాను. పేజీనే కాబట్టి మూడు నిమిషాల్లో అయిపోయింది. అవతల చప్పుడు లేదు. లైను కట్టయిందేమో అనుకుని "పిన్నీ" అన్నాను.

"కూరేంటన్నావు?"

"వంకాయ."

"వాడు వంకాయ తినడు కదరా" అంది పిన్ని. గొంతు తడిగా ఉంది, కానీ అందులో కొంచెం చిరాకు కూడా ఉంది. అంత తెలిసినవాడివి అదెలా మర్చిపోయావన్న చిరాకు. "వంకాయ చేస్తే పళ్ళెం తోసేసేవాడు. శనివారం వాడొస్తున్నాడంటే దొండకాయ వేపుడు చేసేదాన్ని. అది కూడా సన్నగా, చక్రాల్లా తరగాలి. నిలువుగా తరిగితే మెస్సులో పెట్టినట్టుందమ్మా అనేవాడు. ఆ హెల్మెట్ కూడా ఫ్రిజ్ మీద కాదు, టీవీ మీద పెట్టేవాడు. టీవీ పోతుందిరా అంటే వినడు…"

పిన్ని చెప్తూ పోయింది. నేను పెన్ను వెతుక్కుని, దొరక్క, కరెంటు బిల్లు వెనక పెన్సిల్‌తో రాసుకోవడం మొదలుపెట్టాను.